రాళ్లెక్కే బండి: లెక్క టైరు దగ్గర మొదలవ్వాలి

రాక్ క్రాలింగ్ బండి కట్టాలనుకునేవాళ్ల మాటలు చాలావరకు ఇంజన్‌తోనే మొదలవుతాయి. ఎన్ని సిలిండర్లు, ఎంత పవరు అని. గంటకు ఒకటి రెండు కిలోమీటర్ల వేగంతో నడుమెత్తు బండరాళ్ల మీదికి ఎక్కే బండికి ఆ ప్రశ్న అంత ముఖ్యం కాదు. ఏ భాగం ఎంత గట్టిగా ఉండాలో తేల్చేది టైరు సైజు. టైరు పెరిగితే యాక్సిల్ మారాలి. యాక్సిల్ మారితే గేర్లు, స్టీరింగ్, బ్రేకులు, చివరికి గ్యారేజీ తలుపు వెడల్పు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ వరస తెలియక ముందే చాసీ వెల్డింగ్ చేసేసి, ఆ తర్వాత టైర్లు బిగించబోతే, కోయడం మళ్లీ అతకడంతోనే సగం కాలం గడిచిపోతుంది.

లెక్కలు చూపడానికి ఒక బండిని అనుకుందాం. 40 అంగుళాల టైర్లు, మొత్తం బరువు 2,000 కిలోలు, వీల్‌బేస్ 2.75 మీటర్లు, ట్యూబుతో ఇంట్లో కట్టిన చాసీ.

టైరు నుంచి యాక్సిల్‌కి

రాతికి అన్నిటికంటే ముందు తగిలేది డిఫరెన్షియల్ గుండు, అంటే యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే ఉబ్బు. సస్పెన్షన్ ఎంత ఎత్తు చేసినా ఆ గుండు నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, యాక్సిల్ చక్రాలతోనే ఉంటుంది కాబట్టి. మామూలు యాక్సిల్‌తో దాన్ని లేపే మార్గం పెద్ద టైరు ఒక్కటే. 35 అంగుళాల టైరు తీసి 40 వేస్తే యాక్సిల్ రెండున్నర అంగుళాలు పైకి వస్తుంది, అంటే తేడాలో సగం. జనరల్ మోటార్స్ (జీఎం) ట్రక్కుల 14 బోల్ట్ అనే యాక్సిల్ గుండు అడుగుభాగాన్ని కోసి, చదునుగా ప్లేటు వేసి మూసే పద్ధతి అందుకే పుట్టింది. పెద్దగా డబ్బు పెట్టకుండా దొరికే ఎత్తు అది.

కానీ పెద్ద టైరుకు పొడవైన మీట చెయ్యి ఉంటుంది. రబ్బరు రాతిని పట్టుకున్నప్పుడు షాఫ్ట్ మీద పడే మెలిక బలం (టార్క్), ఆ చక్రం మీది బరువు, ఘర్షణ, టైరు అర్ధవ్యాసం, ఈ మూడింటి గుణకారం. ఒక చక్రం మీద 800 కిలోలు పడి, ఘర్షణ గుణకం 1 అనుకుంటే, అర మీటరు అర్ధవ్యాసానికి సుమారు 3,900 న్యూటన్ మీటర్లు. నాలుగు చక్రాలూ కలిసి పట్టుకోగలిగింది 9,800 దాకా.

ఇప్పుడు ఇంజన్ వైపు చూడండి. మొదటి గేరు నిష్పత్తి 6.55 ఉన్న ఎస్ఎం465 గేర్‌బాక్సు, లో రేంజి 2.72 ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిల్స్‌కు బలం పంచే గేరు పెట్టె), యాక్సిల్లో 5.13 నిష్పత్తి ఉన్న క్రౌన్, పినియన్ గేర్ల జత. మూడూ గుణిస్తే 91. దీన్నే క్రాల్ రేషియో అంటారు. 300 న్యూటన్ మీటర్లు ఇచ్చే సాదాసీదా ఇంజన్ కూడా చక్రాల దగ్గర 27,000 దాకా ఇవ్వగలదు. టైర్లు రాతి మీద వాడుకోగలిగిన దానికి దాదాపు మూడింతలు. మిగిలినదంతా ఎక్కడికి పోతుంది? టైరు జారగలిగినంతవరకు జారుతుంది. రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని జారలేని స్థితిలో, లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) వేసి ఉన్నప్పుడు, ఆ బలమంతా ఒకే షాఫ్ట్ మీద పడవచ్చు. ఈ బండ్లలో షాఫ్టులు విరగడానికి కారణం పవరు తక్కువై కాదు, ఎక్కువై.

పెద్ద ఇంజన్ కోసం దాచిన డబ్బు యాక్సిల్ మీద పెట్టమనడం ఇందుకే. గుండ్రని షాఫ్ట్ మెలిక బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. డానా 44 యాక్సిల్‌లో వాడే 30 స్ప్లైన్ల (కొన మీద చెక్కిన పళ్ల) షాఫ్ట్ వ్యాసం సుమారు 1.31 అంగుళాలు, అంతకంటే పెద్ద యాక్సిల్ డానా 60లో 35 స్ప్లైన్లది 1.5 అంగుళాలు. చూడ్డానికి తేడా ఐదు మిల్లీమీటర్లే, కానీ బలం సగానికి సగం ఎక్కువ. 37 అంగుళాల లోపు టైర్లకు, తేలిక బండికి, డానా 44ను క్రోమోలీ అనే గట్టి ఉక్కు షాఫ్టులతో నెట్టుకురావచ్చు. 40కి వెళ్లాక ముందు డానా 60, వెనక 14 బోల్ట్ జత చాలామంది చేరే చోటు. 14 బోల్ట్‌లో క్రౌన్ వీల్ వ్యాసం పదిన్నర అంగుళాలు, పైగా అది ఫుల్ ఫ్లోటింగ్ రకం. అంటే బండి బరువు మోసేది హబ్బూ బేరింగులూ, షాఫ్ట్ పని తిప్పడం మాత్రమే. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడిపోదు.

ముందు యాక్సిల్లో తలనొప్పి వేరు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు యూనివర్సల్ జాయింట్ 35, 40 డిగ్రీలు వంగి ఉంటుంది. ఆ కోణంలో చుట్టుకు రెండుసార్లు టార్క్ పెరిగి తగ్గుతుంది. 40 డిగ్రీల దగ్గర అత్యధిక విలువ మామూలు కంటే 30 శాతం ఎక్కువ. దానికి తోడు జాయింట్‌ను పట్టుకునే యోక్ చెవులు విచ్చుకుంటాయి, బేరింగ్ క్యాప్ బయటికి జరుగుతుంది, మధ్యలోని శిలువ ఆకారపు క్రాస్ విరుగుతుంది. ఫుల్ లాక్‌లో, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పి, యాక్సిలరేటర్ తొక్కితే జాయింట్ పగులుతుందన్న అనుభవజ్ఞుల హెచ్చరిక వెనక ఉన్న లెక్క ఇదే. క్యాప్‌ల పక్కన పూర్తి వలయం స్నాప్ రింగులు వేయడం, లేదా వంగినా వేగం మారకుండా తిప్పే సీవీ జాయింట్ ఉన్న షాఫ్టులకు వెళ్లడం దీనికి మందు.

ఏదో ఒకటి ఎప్పుడో విరుగుతుంది. అదేదో ముందే మీరు నిర్ణయించుకోవాలి. విద్యుత్ ఫ్యూజులాగా, సులభంగా దొరికే, అరగంటలో మార్చగలిగే భాగాన్ని మిగతావాటికంటే కొంచెం బలహీనంగా ఉంచాలి. ముందు యాక్సిల్లో బయటి స్టబ్ షాఫ్ట్ (చక్రం వైపు ఉండే పొట్టి షాఫ్ట్), లేదా దాన్ని హబ్బుకు కలిపే డ్రైవ్ ఫ్లేంజ్ ఆ పనికి అనువు. షాఫ్టులన్నీ అతిగట్టివి వేసి జాయింట్లను పాతవే ఉంచితే ఫ్యూజు జాయింట్‌కి మారుతుంది. అన్నీ మారిస్తే క్రౌన్ పినియన్ పళ్లకు చేరుతుంది, దాన్ని రాళ్ల మధ్య మార్చడం ఎవరి తరమూ కాదు.

టైర్ల గురించి ఇంకో మాట. పట్టు కోసం గాలి 8 నుంచి 10 పీఎస్ఐకి దించుతారు. అంత తక్కువ గాలిలో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోకుండా, ఆ అంచును వలయంతో బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు కావాలి. వాటి బోల్టులు సాధారణంగా రెండు డజన్లో అంతకు మించో ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో, తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించాలి. ఒకే వైపు నుంచి బిగించుకుంటూ పోతే వలయం వంగి, గాలి కారుతుంది. రబ్బరు నొక్కుకుని సర్దుకుంటుంది కాబట్టి మొదటిసారి నడిపాక మళ్లీ చూడాలి.

ఎత్తు కాదు, గరిమనాభి

బండి ఎంత ఎత్తుగా ఉంటే అంత బాగా ఎక్కుతుందన్నది పొరపాటు. చక్రాల మధ్య దూరం 1.73 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 0.9 మీటర్లు ఉంటే, నిలబడి ఉన్న బండి పక్కకు బోల్తా పడే కోణం సుమారు 44 డిగ్రీలు. సస్పెన్షన్ ఒరగడం కలిస్తే నిజంలో ఇంకా తక్కువ. ఇక ఎక్కుడు: 40 డిగ్రీల వాలులో బరువులో 27 శాతం అదనంగా వెనక యాక్సిల్ మీదికి జారుతుంది. చదును నేల మీద ముందూ వెనకా సమానంగా ఉన్న బండికి అక్కడ ముందు మిగిలేది 23 శాతమే. స్టీరింగ్ తేలిపోతుంది, ముందు టైర్లు లాగవు. అందుకే మంచి క్రాలర్లలో బరువు ముందు వైపు 55 నుంచి 60 శాతం ఉండేలా చూస్తారు. విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ముందు పెట్టేదీ ఇంజన్‌ను వీలైనంత కిందికి దించేదీ అందుకే. కేజ్ (కూర్చునేవాళ్ల చుట్టూ ఉండే ట్యూబుల పంజరం) పైభాగానికి అనవసరమైన ట్యూబులు, పైన స్పేర్ టైరు, లైట్ల వరస వద్దు.

కట్టే వరస

నేల చదునుగా ఉందో లేదో లెవెల్‌తో చూసి, మధ్య గీత సుద్దతో గీయండి. యాక్సిల్స్‌ను టైర్లతో సహా అనుకున్న వీల్‌బేస్ దూరంలో నిలబెట్టి, స్టాండ్ల మీద కదలకుండా బిగించండి. అడుగు ప్లేటు నేల నుంచి 20, 22 అంగుళాల ఎత్తులో ఉండేలా దిమ్మెలు పెట్టి, దాని మీద ఇంజన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే వాటి చుట్టూ ట్యూబు. ముందు అందమైన కేజ్ కట్టి అందులోకి ఇంజన్‌ను దూర్చబోయేవాళ్లకు ఆయిల్ సంప్ ముందు యాక్సిల్ గుండుకు తగులుతుందని ఆలస్యంగా తెలుస్తుంది. అన్నట్టు గ్యారేజీ తలుపు కూడా కొలుచుకోండి. ఫుల్ విడ్త్ (ట్రక్కులో ఉన్నంత వెడల్పే ఉంచిన) యాక్సిల్స్‌కు 13.5 అంగుళాల వెడల్పు టైర్లు వేశాక మొత్తం వెడల్పు ఏడడుగులకు అటూ ఇటూ వస్తుంది.

చాసీకి సాధారణంగా వాడేది 1.75 అంగుళాల బయటి వ్యాసం, 0.120 అంగుళాల మందం ఉన్న డీఓఎం (లోపల కడ్డీ పెట్టి లాగి తయారుచేసిన ఉక్కు) ట్యూబు. మీటరుకు 3.1 కిలోలు. 60 మీటర్లు వాడితే 187 కిలోలు, కాబట్టి ప్రతి ముక్కా ఏదో ఒక పని చేయాలి. ట్యూబు లాగుడికీ నొక్కుడికీ గట్టిది, వంపుకు బలహీనం. అందుకే చతురస్రాలు కాకుండా త్రిభుజాలు ఏర్పడేలా, మూడు నాలుగు ట్యూబులు ఒకే బిందువు దగ్గర కలిసేలా గీసుకోవాలి. లింకుల (యాక్సిల్‌ను చాసీకి పట్టి ఉంచే కడ్డీల) బ్రాకెట్లు, షాక్ పైకొనలు ఆ బిందువుల దగ్గరే ఉండాలి. పొడవాటి ట్యూబు నట్టనడుమ షాక్ బిగిస్తే ఆ ట్యూబు ఎప్పుడో ఒకనాడు వంగక తప్పదు.

వంచేటప్పుడు కొలత కంటే పొడవు ఉంచి, వంచాక కోయండి. డైలోంచి తీయగానే ట్యూబు రెండు మూడు డిగ్రీలు వెనక్కి విచ్చుకుంటుంది. పారేసే ముక్క మీద ముందు ప్రయత్నిస్తే మీ బెండర్‌కి ఎంత అదనం వంచాలో తెలుస్తుంది. కొనలు ఇంకో ట్యూబుకు అతుక్కునేలా నాచ్ చేసినప్పుడు (వంపుగా కోసినప్పుడు) సందు ఒక మిల్లీమీటరు మించకూడదు. పెద్ద సందును వెల్డింగ్‌తో నింపితే అతుకు చల్లారేటప్పుడు ట్యూబును లాగేస్తుంది. మొత్తం చాసీ టాక్‌లతో (తాత్కాలికంగా వేసే చిన్న అతుకులతో) నిలబడి, కొలతలు కొనకొన సరిచూసేదాకా పూర్తి వెల్డింగ్ వద్దు.

మందమైన బ్రాకెట్లకు 220 వోల్టుల మిగ్ మెషీను, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సరిపోతాయి. చిన్న మెషీనుతో 6 మిల్లీమీటర్ల ప్లేటుకు వేస్తే పూస పైన మెరుస్తూ కనబడుతుంది, లోపల పట్టదు. ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది. క్లోరిన్ లేని రకమో అసిటోనో వాడి, పూర్తిగా ఆరనిచ్చాకే టార్చి పట్టుకోండి.

యాక్సిల్ మీద వెల్డింగ్ అన్నిటికంటే ఓపిక కోరేది. పైన ట్రస్ (బలం కోసం అతికే ఉక్కు చట్రం) వేస్తే, చల్లారేటప్పుడు ఆ వైపు కుంచించుకుని ట్యూబు కొనలు పైకి లేస్తాయి. ఆ కాస్త వంపు చాలు సీళ్లు కారడానికి, బేరింగులు అరగడానికి. హౌసింగులో నిటారు కడ్డీ బిగించి, ఒక చోట అంగుళం అంగుళంన్నర పూస వేసి, ఎదురు వైపుకి మారి, చెయ్యి పెట్టగలిగినంత చల్లారాక మళ్లీ మొదలెట్టాలి. మధ్యలోని పోత ఇనుప భాగానికి మామూలు తీగతో అతికితే పక్కనే పగులుతుంది. 200, 300 డిగ్రీలకు వేడి చేసి, నికెల్ రాడ్ వాడి, దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి.

లింకులు, స్ప్రింగులు

నాలుగు లింకుల సస్పెన్షన్‌లో కింది రెండూ పై రెండూ యాక్సిల్‌ను ముందూ వెనకా పట్టుకుంటాయి. ఏటవాలుగా వేసిన జత పక్కకు జరగకుండా ఆపుతుంది. పై నుంచి చూస్తే ఆ జత మధ్య కోణం 40 డిగ్రీలకు తగ్గితే యాక్సిల్ పక్కకు ఊగుతుంది. యాక్సిల్ దగ్గర పై, కింది లింకుల మధ్య నిలువు దూరం టైరు వ్యాసంలో నాలుగో వంతు, అంటే మన బండికి పది అంగుళాలు ఉండాలన్నది పనికొచ్చే కొండగుర్తు. తక్కువైతే యాక్సిల్ మెలిక బలమంతా ఆ చిన్న దూరం మీద పడి పై బ్రాకెట్లు చిరుగుతాయి.

పక్క నుంచి చూసి రెండు లింకుల గీతలు పొడిగిస్తే ఎక్కడో కలుస్తాయి. వెనక టైరు నేలను తాకే చోటు నుంచి ఆ బిందువు గుండా గీత గీసి, ముందు యాక్సిల్ నిలువు గీతను ఎంత ఎత్తులో తాకుతుందో చూడండి. ఆ ఎత్తు గరిమనాభి ఎత్తులో ఎంత శాతమో అదే యాంటీ స్క్వాట్. వందకు బాగా మించితే ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కగానే బండి వెనక భాగం పైకి లేస్తుంది, టైరు గంతులేస్తుంది, ఆ గంతుల్లోనే షాఫ్టులు పోతాయి. 60 నుంచి 100 మధ్య మొదలుపెట్టి, చాసీ వైపు బ్రాకెట్లలో రెండు మూడు రంధ్రాలు ఉంచుకోవడం తెలివైన పని.

కింది లింకులు రాళ్ల మీద రాసుకుంటాయి. రెండు అంగుళాల వ్యాసం, పావు అంగుళం మందం ఉన్న డీఓఎం ట్యూబు, లేదా 7075 అల్యూమినియం కడ్డీ. అల్యూమినియం వంగినా మళ్లీ నిటారుగా వస్తుంది, ఇనుము వంగితే అలాగే ఉండిపోతుంది.

స్ప్రింగులు ఊహించి కొనేవాళ్లే ఎక్కువ, చిన్న గుణకారంతో తేలే విషయానికి. రెండు వేల కిలోల్లో యాక్సిల్స్, చక్రాలు కలిసి 700 తీసేస్తే స్ప్రింగుల మీద 1,300. సగటున మూలకు 325 కిలోలు, అంటే 716 పౌండ్లు. 14 అంగుళాల కదలిక ఉన్న కాయిలోవర్‌లో (చుట్టూ స్ప్రింగు ఉండే షాక్‌లో) 5 పైకి, 9 కిందికి వదలాలనుకుంటే, నిలబడినప్పుడు స్ప్రింగు 9 అంగుళాలు నొక్కుకుని ఉండాలి. 716ను 9తో భాగిస్తే అంగుళానికి 80 పౌండ్లు. ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు స్ప్రింగుల ఉమ్మడి విలువ, గుణకారాన్ని కూడికతో భాగిస్తే వస్తుంది. పైన 125, కింద 225 వేస్తే 80. ఇక్కడ చాలామంది మరిచేది షాక్ లోపల నింపే నైట్రోజన్. 7/8 అంగుళం షాఫ్ట్ మీద 200 పీఎస్ఐ గ్యాసు 120 పౌండ్ల బలంతో తోస్తుంది. ఆ లెక్కన బండి ఒకటిన్నర అంగుళం ఎత్తుగా నిలబడుతుంది. షాక్‌ను వాల్చి బిగిస్తే మళ్లీ కిందికి దిగుతుంది. కాబట్టి చివరి స్ప్రింగు కొనేది మొత్తం బండి తూకం వేశాకే.

లింకులు టాక్ చేశాక స్ప్రింగులు తీసేసి, జాకీతో ఒక చక్రాన్ని పూర్తిగా పైకి, ఎదుటిదాన్ని పూర్తిగా కిందికి తీసుకెళ్లి, స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. టైరు ఎక్కడ తగులుతోంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ స్ప్లైన్ ఊడిపోతోందా, బ్రేకు పైపు బిగుసుకుంటోందా, అన్నీ అప్పుడే బయటపడతాయి. ఈ పరీక్షను దాటవేసిన బండి మొదటి పెద్ద రాయి దగ్గరే బ్రేకు పైపు తెంచుకుంటుంది. షాక్ పూర్తిగా సాగకముందే ఆపేలా పట్టీలు కట్టడం కూడా ఇప్పుడే.

స్టీరింగ్

పెద్ద టైర్లు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు మామూలు స్టీరింగ్ గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే సెక్టర్ షాఫ్ట్ మెలిపడిపోతుంది. ఫుల్ హైడ్రాలిక్ వేస్తే యాక్సిల్ మీదే రెండు వైపులా కడ్డీ ఉన్న సిలిండర్, స్టీరింగ్ చక్రం కింద ఆ సిలిండర్‌కు నూనె పంపే ఆర్బిటల్ వాల్వు ఉంటాయి. రెండున్నర అంగుళాల బోరు, ఒకటిన్నర కడ్డీ, 8 అంగుళాల స్ట్రోకు ఉన్న సిలిండర్‌లో 412 సీసీ నూనె పడుతుంది. చుట్టుకు 160 సీసీ పంపే ఆర్బిటల్ అయితే ఆ చివర నుంచి ఈ చివరకు రెండున్నర చుట్లు. సెకనుకు చుట్టున్నర తిప్పాలంటే పంపు నిమిషానికి 14 లీటర్లకు పైగా ఇవ్వాలి, అదీ ఐడిలింగ్‌లో. చిన్న పంపు పెట్టి స్టీరింగ్ బిగుసుకుంటోందని ఆర్బిటల్‌ను నిందించడం తరచూ జరిగేదే. సిలిండర్ యాక్సిల్‌తోపాటే కదులుతుంది కాబట్టి బంప్ స్టీర్ (సస్పెన్షన్ కదిలినప్పుడు చక్రాలు వాటంతట అవే తిరగడం) ఉండదు, ముందు కూడా నాలుగు లింకులు వేసుకోవచ్చు. యాంత్రిక స్టీరింగ్ ఉంచుకుంటే మూడు లింకులు, యాక్సిల్ పక్కకు జరగకుండా ఆపే పాన్‌హార్డ్ కడ్డీ తప్పవు. ఆ కడ్డీ డ్రాగ్ లింకుతో (స్టీరింగ్ బలాన్ని చక్రాలకు చేర్చే కడ్డీతో) సమాంతరంగా, దాదాపు అంతే పొడవుగా ఉండాలి. ఇంజన్ ఆగితే ఫుల్ హైడ్రాలిక్ చక్రం దాదాపు తిరగదు, రోడ్డు మీద నడపాల్సిన బండికి అది వద్దు.

మిగిలినవి

నడక వేగంలో రేడియేటరుకు గాలి దొరకదు. పూర్తి ష్రౌడ్ (గాలిని మళ్లించే తొడుగు) ఉన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్, గేర్‌బాక్సుకూ స్టీరింగ్‌కూ విడివిడి కూలర్లు పెట్టాలి. కార్బురేటరు వాలులో పొంగుతుంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసుకోండి. ఇంధనం తీసే చోటు ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న సర్జ్ ట్యాంకులో ఉంటే నిటారు ఎక్కుడులోనూ పంపుకి గాలి పోదు. మాస్టర్ సిలిండర్ నేల కింద, క్యాలిపర్ల కంటే తక్కువ ఎత్తులో పడితే డిస్కు బ్రేకులకు 2 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు (పైపులో కొంచెం ఒత్తిడి నిలిపేది) వేయకపోతే నూనె వెనక్కి జారి, పెడల్ మొదటి తొక్కుకు అందదు. విన్చ్ బలం బండి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు.

కొత్త క్రౌన్ పినియన్‌ను మొదటి రోజే రాళ్లెక్కించకండి. చదునులో ఇరవై నిమిషాలు నింపాదిగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, అలా రెండు మూడుసార్లు చేశాక కొంతకాలానికి నూనె మార్చాలి. డిఫరెన్షియల్ లోపలి అయస్కాంతం మీద సన్నని బూడిద లాంటి పొడి మామూలే, రేకులు కనబడితే విప్పి చూడాల్సిందే. లింకు బోల్టులన్నీ బిగించి, తల నుంచి బ్రాకెట్ మీదికి రంగు గీత గీస్తే ఏది వదులైందో చూపుతోనే తెలుస్తుంది. బండిలో తీసుకెళ్లే సామాను ఆ ఫ్యూజు భాగాన్ని బట్టి: ఒక స్టబ్ షాఫ్ట్, రెండు యూనివర్సల్ జాయింట్లు, స్నాప్ రింగులు, స్టీరింగ్ హోసు, ఒక లీటరు నూనె. వెనక 14 బోల్ట్ షాఫ్ట్ విరిగితే ఎనిమిది బోల్టులు విప్పి, ముక్కలు లాగేసి, నూనె కారకుండా రంధ్రాన్ని ప్లేటుతో మూసి, మిగతా మూడు చక్రాలతో ఇంటికి రావచ్చు.